రెండు లక్షల తేడా ఏడాస్‌కా, సన్‌రూఫ్‌కా?

ప్రశ్న: మాది జడ్చర్ల. షాద్‌నగర్‌లో ఉద్యోగం, రోజూ కారులోనే వెళ్లొస్తాను. జీతం చేతికి 80 వేలు. కొనాలనుకున్న కారులో ఏడాస్ (కెమెరా, రాడార్‌లతో ముందున్న ప్రమాదాన్ని పసిగట్టి డ్రైవర్‌కు సాయపడే వ్యవస్థ) ఉన్న వేరియంట్ రెండు లక్షలు ఎక్కువ. తీసుకోవచ్చా?

జవాబు: రెండు లక్షలు ఎక్స్‌షోరూమ్ తేడా మాత్రమే. లైఫ్ ట్యాక్స్, బీమా ప్రీమియం కూడా దాంతోపాటే పెరుగుతాయి కాబట్టి ఆన్‌రోడ్ తేడా 2.4 లక్షలు అనుకోండి. 9.5 శాతం వడ్డీతో అయిదేళ్లకు ఈ తేడాకే నెలకు 5,040 కిస్తీ, మొత్తం 3.02 లక్షలు. ఏడేళ్లకు పెడితే కిస్తీ 3,920కి దిగుతుంది, కట్టేది 3.29 లక్షలకు చేరుతుంది.

ఆ డబ్బు దేనికి పోతోందో రెండు వేరియంట్ల బ్రోచర్లు పక్కపక్కన పెట్టి చూడండి. సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, ఖరీదైన సీట్లు కూడా అందులోనే కలిసి ఉంటాయి. పార్కింగ్ సెన్సర్లు, రివర్స్ కెమెరా తర్వాత బయట బిగించుకోవచ్చు. ముందు అడ్డం కనిపిస్తే తనంతట తానే బ్రేకు వేసే ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ మాత్రం కంపెనీ నుంచి రావాల్సిందే. 44వ నంబరు హైవే మీద రోజూ తిరిగే మీకు అదే ముఖ్యం. బండిని లేన్ దాటకుండా పట్టే లేన్ కీప్ అసిస్ట్‌కు రోడ్డు మీద గీతలు కనబడాలి, ఊళ్ల రోడ్లపై అది ఉన్నా లేనట్టే. వెనక లైట్లు లేని ట్రాక్టరును, రాంగ్ రూట్‌లో వచ్చే బండిని, అడ్డమొచ్చే బర్రెను ఏడాస్ ప్రతిసారీ పసిగడుతుందని నమ్మి కాలు బ్రేకుకు దూరం పెట్టకండి.

కొన్నాక ఖర్చూ ఉంది. ఏడాస్ కెమెరా కారు ముందు అద్దం వెనకే ఉంటుంది. అద్దం పగిలి మారిస్తే కెమెరాను మళ్లీ కాలిబ్రేట్ (గురి సరిచేయడం) చేయించాలి, రోడ్డు పక్క షాపులో కుదరదు. రాడార్ చాలా కార్లలో ముందు బంపర్ భాగంలో ఉంటుంది. దాని ముందు గార్డ్ బిగించినా, నిమ్మకాయల దండ వేలాడదీసినా సిగ్నల్ దెబ్బతింటుంది. ఈ భాగాలు దెబ్బతిన్నప్పుడు తరుగు కోయకుండా బీమా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కవర్ తప్పక తీసుకోండి. కాలిబ్రేషన్ ఖర్చు అందులో వస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి.

ఇక స్తోమత. అన్ని కిస్తీలూ కలిపి జీతంలో 20 శాతం, అంటే 16 వేలు దాటకూడదు. వేరే లోన్లు లేకపోతే, అదే వడ్డీకి అయిదేళ్లలో ఆ కిస్తీకి వచ్చే లోన్ 7.6 లక్షలు. మిగతాది డౌన్ పేమెంట్‌గా కట్టాక కూడా ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంటే ఏడాస్ వేరియంటే తీసుకోండి. అలా లేకపోతే కింది వేరియంట్ చాలు, కానీ ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అందులో ఉన్నాయని చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.