ఫ్లూ టీకా: కొత్తది వచ్చేదాకా ఆగొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి డయాలసిస్ చేయిస్తున్నాం. ఏటా ఫ్లూ టీకా వేయించమన్నారు. అన్ని రకాలకూ పనిచేసే టీకా వస్తోందట కదా, ఆగొచ్చా?
- ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: ఆగకండి. అది ఇంకా ప్రయోగాల్లోనే ఉంది.

ఫ్లూ వైరస్ పైన ముళ్లలా ఉండే ప్రొటీన్ హీమగ్లుటినిన్. దానికి తల, కాడ ఉంటాయి. తల తరచూ మారిపోతుంది, కాడ పెద్దగా మారదు. చిక్కల్లా వైరస్‌ను పట్టుకోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు ఎక్కువగా తల మీదికే పోవడం. అందుకే నిరుటి టీకా ఈ ఏటి వైరస్‌ను సరిగా పట్టుకోలేదు. పైగా ఆ యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి కూడా.

తల కోసేసి కాడే ఇద్దామంటే దాని ఆకారం నిలవదు. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ పరిశోధకులు వేరే ఎత్తు వేశారు. కాడ మనుషులకొచ్చే హెచ్1 రకం ఫ్లూది, తల మనుషులు ఎరగని పక్షి ఫ్లూది. రెండో డోసుకి తల మారుస్తారు, కాడ మార్చరు. దాంతో కాడ మీద యాంటీబాడీలు పెరిగాయని 2020లో వచ్చిన తొలి దశ ఫలితాలు చూపాయి. అయితే మనకొచ్చే మరో రకం, హెచ్3 కాడ వేరే గుంపుది, బి రకానిది మరీ వేరు. ఒక్క కాడతో పని జరగదు.

యాంటీబాడీలు పెరిగినంత మాత్రాన జ్వరం ఆగుతుందనీ లేదు. ఇజ్రాయెల్‌లో తయారైన ఎం-001 అనే టీకా అదే ఏడాది మూడో దశ ప్రయోగాల్లో చతికిలపడింది. అన్నట్టు, అమెరికా ఆరోగ్య సంస్థ ఇలాంటి టీకాకి 2018లో పెట్టుకున్న లక్ష్యం కూడా 75 శాతం రక్షణ, కనీసం ఒక ఏడాది. జన్మకొక్కసారి వేస్తే చాలని ఎవరూ అనలేదు.

నాన్నగారికి వానలకు ముందే, మే నెలలో వేయించండి. పట్టు రావడానికి రెండు వారాలు పడుతుంది. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి వద్దు, రెండో చేతికి. ముక్కులో కొట్టే స్ప్రేలో బతికున్న వైరస్ ఉంటుంది, అది వద్దు, సూదిమందే అడగండి.

ప్రశ్న: కరెంటు పోతే ఐస్‌కి ఆనించిన ఫ్లూ టీకా గడ్డకట్టి కరిగింది. వాడొచ్చా?
- మందుల షాపు యజమాని, రాజాం

జవాబు: పారేయండి. కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. గడ్డకట్టిందో లేదో ఊపి చూసి తేల్చడానికి డీపీటీ టీకాకి చేసే షేక్ టెస్ట్ దీనికి పనికిరాదు, అది అల్యూమినియం కలిసిన టీకాలకే. ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల్లో. ఈసారి ఐస్‌ప్యాక్‌ను బయటపెట్టి, చెమ్మ పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడ్డాకే బాక్సులో పెట్టండి.