పన్నెండు టెన్సుల పట్టిక చెప్పని సంగతి

ప్రశ్న: ఉద్యోగంలో చేరాక ఇంగ్లిష్‌లో మాట్లాడక తప్పడం లేదు. పన్నెండు టెన్సుల పట్టిక మొత్తం నోటికి వచ్చు. అయినా మాట్లాడబోయేసరికి ‘ఐ సా’ అనాలో, ‘ఐ హ్యావ్ సీన్’ అనాలో తేలక టెన్షన్‌తో ఆగిపోతున్నాను. తెలుగులో రెండింటికీ ‘చూశాను’ అంటే సరిపోతుంది కదా! పట్టికను ఇంకా బాగా బట్టీ పట్టాలా? – ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ. పట్టిక మీకు వచ్చేసింది, ఇక దాన్ని పక్కన పెట్టండి. ఏ టెన్స్‌కి ఏ హెల్పింగ్ వెర్బ్ రావాలో, అసలు వెర్బ్ ఏ రూపంలో ఉండాలో పట్టిక చెబుతుంది. మాట్లాడే మనిషి ఆ రూపాన్ని ఎప్పుడు, ఎందుకు ఎంచుకుంటాడో చెప్పదు. మీరు ఆగిపోతున్నది అక్కడే. నా దగ్గర గ్రామర్ నేర్చుకోవడానికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది ఇబ్బంది ఇదే.

‘ఐ లాస్ట్ మై కీస్’ అన్నారనుకోండి. తాళంచెవులు ఎప్పుడో పోయాయి. తర్వాత దొరికాయో లేదో ఆ వాక్యం చెప్పదు. ‘ఐ హ్యావ్ లాస్ట్ మై కీస్’ అంటే మాత్రం అవి ఇప్పుడు మీ దగ్గర లేవని, తలుపు తీయలేక బయట ఉండిపోయారేమో అని వినేవాళ్లకు వెంటనే తడుతుంది. జరిగింది ఒకటే. మొదటిసారి మీరు ఆ రోజు సంగతి చెబుతున్నారు, రెండోసారి ఇప్పటి పరిస్థితి చెబుతున్నారు. ‘హ్యావ్’ అన్నది ప్రెజెంట్ రూపం. ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనే పేరులో మనవాళ్లు ‘పర్ఫెక్ట్’నే పట్టించుకుని ‘ప్రెజెంట్’ను వదిలేస్తారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

అందుకే ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ తప్పు. ‘ఎస్టర్‌డే’, ‘లాస్ట్ వీక్’, ‘ఇన్ 2019’, ‘టూ డేస్ ఎగో’ లాంటి అయిపోయిన సమయం వాక్యంలోకి వస్తే ‘ఐ సా’నే. సమయం ఇంకా మిగిలి ఉంటే ‘హ్యావ్’ చక్కగా కుదురుతుంది. ‘ఐ హ్యావ్ కాల్డ్ హిమ్ త్రీ టైమ్స్ టుడే’ అన్నారంటే రోజు ఇంకా గడవలేదు, నాలుగోసారి కూడా చేయవచ్చు. ఈ విషయంలో నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటి చెబుతాను. బతికున్న రచయిత్రి గురించి ‘షి హ్యాజ్ రిటెన్ టెన్ నావెల్స్’ అంటారు. ఆమె చనిపోయాక అదే మాట ‘షి రోట్ టెన్ నావెల్స్’ అవుతుంది. పదకొండో నవల ఇక రాదు కాబట్టి. ఒక మనిషి ఉన్నారో లేరో వెర్బ్ చెప్పేస్తోంది చూడండి! గ్రామర్ అంటే చప్పగా ఉంటుందనే వాళ్లకు నేను ముందు ఈ రెండు వాక్యాలే చూపిస్తాను.

‘జస్ట్’, ‘ఆల్రెడీ’ ఉన్నచోట అమెరికన్లు ‘ఐ జస్ట్ సా హిమ్’ అని కూడా మామూలుగా అంటారు. అది విని మీ ‘హ్యావ్ సీన్’ తప్పేమో అని కంగారు పడకండి, రెండూ సరైనవే.

తెలుగు అలవాటు వల్ల వచ్చే తడబాటు ఇంకొకటి ఉంది. ‘2015 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ అనుకుని ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2015’ అనేస్తాం. పని అప్పుడు మొదలైంది, ఇప్పటికీ సాగుతోంది. ఆ రెండు కొసలనూ కలపడానికి ఇంగ్లిష్‌కు ‘హ్యావ్’ కావాలి: ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2015’. మొదలైన సమయం చెబితే ‘సిన్స్’, ఎంతకాలమో చెబితే ‘ఫర్’.

మాట్లాడేటప్పుడు పన్నెండు గళ్లూ వెతుక్కోవద్దు. ‘ఇది ఎప్పుడో అయిపోయిన రోజు సంగతా, ఇప్పటికీ సంబంధం ఉన్నదా?’ అని ఒక్కటే ప్రశ్నించుకోండి. కొన్నాళ్లకు అడగకుండానే సరైన రూపం నోటికి వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఎన్నిసార్లు దిద్దినా ‘హి డిడ్ నాట్ వెంట్’ అనే రాస్తున్నాడు. ‘గో’కి పాస్ట్ టెన్స్ ‘గోడ్’ కాకుండా ‘వెంట్’ ఎందుకయిందని కూడా అడిగాడు. నేను చెప్పలేకపోయాను. – ఒక తల్లి

జవాబు: బాబు ప్రశ్న చాలా మంచిదమ్మా. ‘వెంట్’ నిజానికి ‘వెండ్’ అనే వేరే వెర్బ్‌కు పాస్ట్ రూపం. దానికీ వెళ్లడమనే అర్థమే. కాలక్రమంలో ‘గో’ తన పాత పాస్ట్ రూపాన్ని వదులుకుని దీన్ని సొంతం చేసుకుంది. బి, హ్యావ్, డు, సే, గో, గెట్, మేక్, నో, టేక్, సీ... ఇంగ్లిష్‌లో నిత్యం వాడే ఈ వెర్బులన్నీ ఇర్రెగ్యులరే. రోజూ నోట్లో నలుగుతాయి కాబట్టి వాటి పాత రూపాలు చెరిగిపోలేదు. వాడకం తక్కువైనవి మెల్లగా ‘-ఇడి’ చేర్చే పద్ధతిలోకి వచ్చేశాయి. ‘హెల్ప్’కి ఒకప్పుడు ‘హోల్ప్’ అనే పాస్ట్ రూపం ఉండేది, ఇప్పుడు ‘హెల్ప్డ్’. కొత్తగా పుట్టే వెర్బులూ అంతే, ‘గూగుల్డ్’ అనే అంటున్నారు.

ఇక ‘డిడ్ నాట్ వెంట్’ సంగతి. ఇలాంటి వాక్యంలో జరిగిపోయిన కాలాన్ని ఒక్కచోటే చూపాలి. ‘డిడ్’ ఆ పని చేసేసింది కాబట్టి తర్వాతి వెర్బ్ మామూలు రూపంలోనే ఉండాలి: ‘డిడ్ నాట్ గో’. ‘షి డజ్ నాట్ నోస్’ తప్పు కావడానికీ ఇదే కారణం, అక్కడ ‘ఎస్’ను ‘డజ్’ తీసేసుకుంది. ఎర్ర పెన్నుతో కొట్టేయకుండా వాక్యంలో కాలం ఎక్కడ కనిపిస్తోందో వేలు పెట్టి చూపించమనండి. రెండుచోట్ల చూపిస్తే తప్పు వాడికే దొరుకుతుంది.

వి-1, వి-2, వి-3 జాబితాను అక్షరక్రమంలో వల్లె వేయించవద్దు. సింగ్-స్యాంగ్-సంగ్, రింగ్-ర్యాంగ్-రంగ్, డ్రింక్-డ్ర్యాంక్-డ్రంక్ లాంటివి ఒకచోట, కట్, పుట్, హిట్ లాంటి మారనివి మరోచోట చేర్చి చదివించండి. చెవికి పట్టుకున్నవి గుర్తుంటాయి. ‘రీడ్’ను మాత్రం విడిగా చెప్పండి. స్పెల్లింగ్ మారదు కానీ పాస్ట్‌లో ‘రెడ్’ అని పలకాలి.

ప్రశ్న: ‘ఐ హ్యాడ్ గాన్ దేర్ లాస్ట్ ఇయర్’ అని రాస్తే మా మేడమ్ దిద్దారు. ఏడాది కిందటి మాట కదా, ‘హ్యాడ్’ రాదా? – పదో తరగతి విద్యార్థి

జవాబు: రాదు నాన్నా. ఎంత పాతదన్నది ‘హ్యాడ్’కు లెక్కే కాదు. కోట్ల ఏళ్ల కిందటి డైనోసార్ల గురించి చెప్పినా ‘డైనోసార్స్ లివ్డ్’ అనే అంటారు. జరిగిపోయిన రెండు సంగతుల్లో ఒకటి ముందే అయిపోయిందని చూపాల్సి వచ్చినప్పుడే ‘హ్యాడ్’ కావాలి. ‘వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్’ అంటే నువ్వు చేరేసరికే రైలు వెళ్లిపోయింది. అదే ‘ద ట్రైన్ లెఫ్ట్’ అంటే నువ్వు చేరాక కదిలింది. నీ వాక్యంలో ఉన్నది ఒక్క సంగతే కాబట్టి ‘ఐ వెంట్ దేర్ లాస్ట్ ఇయర్’ చాలు.

ప్రశ్న: ఇంగ్లిష్‌లో అసలు ఫ్యూచర్ టెన్సే లేదని ఎక్కడో చదివాను. నిజమేనా? – ఒక పాఠకుడు

జవాబు: వెర్బ్ రూపం మారడం వరకే చూస్తే నిజమే. ‘వర్క్’ నుంచి ‘వర్క్స్’, ‘వర్క్డ్’ వస్తాయి, రేపటి కోసం విడిగా ఒక రూపం లేదు. ఆ పని విల్, గోయింగ్ టు చేస్తాయి. ఒక్కోసారి ప్రెజెంటే చేసేస్తుంది: ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’, ‘ఐ యామ్ మీటింగ్ హర్ టుమారో’. మీరు జాగ్రత్త పడాల్సింది ‘ఇఫ్’ దగ్గర. రేపటి వాన గురించి చెబుతున్నా దాని పక్కన ‘విల్’ పెట్టకండి. అది రెండో సగంలోనే వస్తుంది: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ స్టే ఎట్ హోమ్’.