రేవు విస్తరణకు పంచాయతీ ఎన్‌ఓసీ ఇచ్చేసింది, ఇక అభ్యంతరం చెప్పే దారి లేదా?

ప్రశ్న: మాది కాకినాడ జిల్లాలో సముద్రం ఒడ్డు గ్రామం. పక్కనున్న చేపల రేవును పెంచి, బ్రేక్‌వాటర్ (అలలను ఆపే రాతి గోడ) పొడిగించి, టూరిస్టు బోట్లకు మెరీనా కడతారట. మమ్మల్ని అడక్కుండానే పంచాయతీ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇచ్చింది. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. వెళ్లి మాట్లాడితే ఏమైనా లాభం ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. అయితే మాట ఒక్కటే చాలదు, కాగితం కూడా ఇవ్వాలి.

ముందు ఎన్‌ఓసీ సంగతి. దానితో పర్యావరణ అనుమతి వచ్చినట్టు కాదు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద ఏటా 10,000 టన్నులు, ఆపైన చేపలు దిగే రేవుకు విడిగా పర్యావరణ అనుమతి కావాలి. తీరం కాబట్టి సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలూ వర్తిస్తాయి. సమాచార హక్కు కింద ఎన్‌ఓసీ నకలు తీసుకోండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. దాని మీది తేదీ ముసాయిదా ఈఐఏ నివేదిక కంటే ముందుదైతే, నివేదిక చూడకుండానే పంచాయతీ ఒప్పుకుందన్న మాట. ఆ సంగతి మీ అభ్యంతరంలో రాయండి.

ప్రజాభిప్రాయ సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు రావాలి, అందులో ఒకటి తెలుగు దినపత్రిక కావాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో, పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో చూసుకోవచ్చు. తెలుగు సారాంశంతో సరిపెట్టుకోకండి. అసలు అంకెలు ఇంగ్లీషు సంపుటంలో ఉంటాయి, చదవగలిగినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

అందులో మొదట వెతకాల్సింది ఇసుక లెక్క. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. బ్రేక్‌వాటర్ దాన్ని అడ్డుకుంటే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు తెగుతుంది. ఒడ్డు కోసుకుపోతే ఏమవుతుందో ఉప్పాడవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఇసుక కదలికలో పెద్ద భాగం నైరుతి రుతుపవనాల కాలంలోనే జరుగుతుంది. నివేదికల్లో మాత్రం తరచు వర్షాకాలం కాని ఒక్క సీజన్ కొలతలే ఉంటాయి. కొలత ఏ నెలల్లో తీశారు? ఉత్తరాన ఎన్ని కిలోమీటర్ల వరకు ఒడ్డు మార్పు లెక్కించారు? ఈ రెండు ప్రశ్నలు పేజీ నంబరుతో సహా రాయండి.

తర్వాత డ్రెడ్జింగ్: ఎన్ని ఘనపు మీటర్లు తవ్వుతారు, ఆ పూడిక ఎక్కడ పోస్తారు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో పని ఆపుతారా అని అడగండి. సీఆర్‌జెడ్ పటం 1:4000 స్కేలులో ఉండాలి. మడ అడవి 1000 చదరపు మీటర్లు మించితే దాని చుట్టూ 50 మీటర్ల బఫర్ చూపించాలి. పాత రేవుకు పర్యావరణ అనుమతి ఉంటే, దాని షరతులు పాటించినట్టు ధ్రువీకరణ నివేదిక ఏదని కూడా అడగండి. విస్తరణ కేసుల్లో చాలామంది ఇదే మర్చిపోతారు.

అభ్యంతరాలు రెండు ప్రతులు రాసి, సభకు ముందే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

సభను బహిష్కరించకండి. దానికి కోరం లేదు, పది మందే వచ్చినా జరిగినట్టే లెక్క. ఓటింగూ ఉండదు, కాబట్టి ఊరంతా వద్దన్నా ప్రాజెక్టు దానంతటది ఆగదు. కానీ లేవనెత్తిన ప్రతి అభ్యంతరాన్నీ నిపుణుల కమిటీ పరిశీలించి కారణాలు చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2009లో ఉత్కర్ష్ మండల్ కేసులో స్పష్టం చేసింది. మినిట్స్‌లో, అంటే సభలో రాసుకున్న రికార్డులో, లేని అభ్యంతరానికి ఆ బలం ఉండదు. సభ చివర సారాంశం తెలుగులో చదివి వినిపించాలి, కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అదే రోజు సంతకం చేయాలి. అప్పటిదాకా కదలకండి. మీ మాట రాలేదంటే అక్కడే లేచి చెప్పండి, వీడియోలో రికార్డవుతుంది.

అయినా అనుమతి ఇచ్చేస్తే, చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో అప్పీలు చేయాలి. పరిహారం అడగకపోతే రుసుము 1000 రూపాయలు. గడువు 30 రోజులు. సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వవచ్చు, అది దాటితే ట్రిబ్యునల్‌కే అధికారం ఉండదు. నిజమైన కేసులు ఎన్నో ఇక్కడే పోతాయి. ఉత్తర్వు మీ చేతికి అందిన రోజు నుంచి లెక్క అనుకోకండి. వెబ్‌సైటులో పెట్టిన రోజు, పత్రికలో వేసిన రోజు, వీటిలో ఏది ముందైతే అక్కడి నుంచే లెక్కించుకోవడం క్షేమం. సభ అయిన మర్నాటి నుంచి వారానికోసారి పరివేష్ పోర్టల్‌లో (కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైటు) ఆ ప్రాజెక్టు ఫైలు చూసే బాధ్యత ఊళ్లో ఒకరికి అప్పగించండి.