చైనా గేమ్ స్టోర్లు ఎప్పటికైనా స్టీమ్‌ని దాటేస్తాయా?

పీసీ గేముల వరకైతే, అమెరికా వాళ్ల ఆన్‌లైన్ గేమ్ స్టోర్ అయిన స్టీమ్‌ని దాటవు. చైనాలోని షెన్‌జెన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో కళ్లారా చూసి చెబుతున్నాను.

2024 ఆగస్టు 20, మంగళవారం. పొద్దున పది గంటలకు 'బ్లాక్ మిత్: వుకాంగ్' అనే గేమ్ విడుదల. ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు ఆ రోజుకి సెలవు పెట్టేశాడు. సాయంత్రం వాడి గదికి వెళ్లాను. వాడు ఒక పట్టు ఆడేసి, నాకు చూపిద్దామని మళ్లీ మొదటి నుంచి అంతా ఆన్ చేశాడు. ముందు తెరిచింది స్టీమ్ కాదు, 'యాక్సిలరేటర్' అనే చిన్న యాప్. స్టీమ్ కమ్యూనిటీ పేజీలు 2017 చివరి నుంచి చైనాలో నేరుగా తెరుచుకోవు, ఆ అడ్డు దాటించేది ఈ యాప్. ఆ యాప్ కనెక్ట్ అయ్యాకే స్టీమ్ మీద క్లిక్ చేశాడు. గేముకి 268 యువాన్లు అలీపే అనే పేమెంట్ యాప్‌లో కట్టాడట.

అదే గేమ్ అదే రోజు చైనా కంపెనీ టెన్సెంట్ వాళ్ల గేమ్ స్టోర్ వీగేమ్‌లోనూ ఉంది. చైనా వాళ్లు తీసిన గేమ్, చైనా స్టోర్, యాక్సిలరేటర్ అక్కర్లేదు. "మరి ఇక్కడెందుకు కొన్నావ్?" అన్నాను. వాడు మాట్లాడకుండా మౌస్ చక్రం తిప్పుతూ లైబ్రరీ చూపించాడు. కాలేజీ రోజుల నుంచి కొన్న గేములు, ఎంత కిందికి దిగినా అయిపోవడం లేదు. "నావన్నీ ఇక్కడే ఉన్నాయి. ఫ్రెండ్సూ ఇక్కడే" అన్నాడు. ఆ రోజు స్టీమ్‌లో ఆ గేమ్‌ని ఒకే సమయంలో ఆడినవాళ్లు 22 లక్షలు దాటారు.

చైనా స్టోర్లకి డబ్బుకీ ఇంజినీర్లకీ కొదవ లేదు. చిక్కంతా అనుమతుల దగ్గరే. ఆ స్టోర్లలో అమ్మే ప్రతి గేముకీ ప్రభుత్వం ఇచ్చే అనుమతి నంబరు కావాలి. 2018లో నెలల తరబడి ఆ నంబర్లు ఇవ్వడమే ఆపేశారు. అదే ఏడాది ఆగస్టులో 'మాన్‌స్టర్ హంటర్: వరల్డ్' వీగేమ్‌లోకి వచ్చిన వారం తిరక్కముందే అమ్మకం ఆగిపోయింది. డబ్బులు వెనక్కి ఇచ్చారు, కానీ ఆటగాడికి కావలసింది డబ్బు కాదు కదా! 2021లో అవే అనుమతులతో, చైనా కోసమే విడిగా స్టీమ్ చైనా అధికారికంగా వచ్చినా, మొదలైంది కొన్ని పదుల గేములతోనే. మా ఆఫీసులో దాన్ని వాడేవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.

మొబైల్ సంగతి వేరు. చైనాలో గూగుల్ ప్లే లేదు, ఫోన్ కంపెనీల స్టోర్లదే రాజ్యం. వాటి కమిషన్ మామూలుగా సగానికి సగం. 2020లో 'గెన్షిన్ ఇంపాక్ట్' వాళ్లు హువావే, షావోమీ స్టోర్లని పక్కన పెట్టేసి మరీ గేమ్ విడుదల చేశారు.

యూట్యూబ్‌లో మనవాళ్లు దీన్ని చైనాకీ అమెరికాకీ యుద్ధంలా చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. స్టీమ్‌కి పోటీగా స్టోర్ నడిపే అమెరికా గేమ్ కంపెనీ ఎపిక్‌లో సుమారు 40 శాతం వాటా 2012లోనే టెన్సెంట్ కొనేసింది. ఆ ఎపిక్ స్టోర్ 12 శాతమే కమిషన్ తీసుకుని, ఉచితంగా గేములు పంచినా స్టీమ్‌ని కదపలేకపోయింది. కారణం ఆ కుర్రాడు చూపించిన లైబ్రరీయే.

స్టీమ్ మీద నాకున్న బాధ ఒక్కటే. దాని మెనూలు చైనీస్‌లో ఉన్నాయి, థాయ్‌లో ఉన్నాయి, వియత్నామీస్‌లోనూ ఉన్నాయి. తెలుగు సరే, హిందీ కూడా లేదు. ఇన్నేళ్లుగా రూపాయల్లో కొంటున్నాం, మన భాషలో ఒక్క బటన్ అయినా కనబడాలి.