‘పై’ విలువను చేత్తో రాయకు

చిరంజీవికి,

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద నువ్వు రాసి పంపిన పాఠం రెండుసార్లు చదివాను. నీ తెలుగు హాయిగా ఉంది. వృత్త వైశాల్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. అక్కడ ‘పై’ విలువ 3.14 అన్నావు, రెండు పేజీలు దాటాక 3.1416 అన్నావు. ఈ పొరపాటు ఒకప్పుడు నేనూ చేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నీళ్ల ట్యాంకుల ఘనపరిమాణం లెక్కగట్టే ప్రోగ్రామ్ రాశాను. ఒక ఫైల్లో 3.14, ఇంకో ఫైల్లో 3.1416. 10 మీటర్ల వ్యాసం, 5 మీటర్ల ఎత్తు ఉన్న ట్యాంకు ఒక నివేదికలో 392.5 ఘనపు మీటర్లు పట్టింది, ఇంకోదానిలో 392.7. అంటే 200 లీటర్ల తేడా! సూత్రంలోనే తప్పుందనుకుని రెండు రోజులు దాన్నే తిరగేశాను.

పైథాన్‌లో ‘ఇంపోర్ట్ మ్యాథ్’ అని ఒక్క వరుస రాస్తే చాలు, మ్యాథ్.పై అన్న పేరుతో 3.141592653589793 సిద్ధంగా ఉంటుంది. సహజ సంవర్గమానాల ఆధారమైన ‘ఇ’ కూడా అక్కడే దొరుకుతుంది. జావా, జావాస్క్రిప్ట్‌లలోనూ ఇవి ఉన్నాయి. సీ భాష గురించి రాసేటప్పుడు జాగ్రత్త: అక్కడ ‘పై’కి వాడే ఎం_పై అన్న పేరు చాలా కంపైలర్లలో (ప్రోగ్రామ్‌ను యంత్ర భాషలోకి మార్చే సాధనాల్లో) పనిచేస్తుంది కానీ ఆ భాషకున్న ఐఎస్‌ఓ అంతర్జాతీయ ప్రమాణంలో అది లేదు. ఇంకో సంగతి, పైథాన్‌లో ఎవరైనా మ్యాథ్.పైకి 3 అని విలువ ఇస్తే అది అడ్డుచెప్పదు. జావాస్క్రిప్ట్ మాత్రం మార్చనివ్వదు.

పాఠంలో అసలు నిలవాల్సిన చోటు ఇంకొకటి ఉంది. నీ పాఠకుడు ఎప్పుడో ఒకప్పుడు త్రికోణమితిలోని సైన్ ఫంక్షన్‌కు మ్యాథ్.పై ఇచ్చి చూస్తాడు. గణితం ప్రకారం ‘పై’ దగ్గర సైన్ సున్నా కాబట్టి సున్నా వస్తుందనుకుంటాడు. తెర మీద 1.22తో మొదలై చివర ‘ఇ-16’ ఉన్న సంఖ్య కనిపిస్తుంది. ఈ ‘ఇ’ ఇందాకటి ‘ఇ’ కాదు; దశాంశ బిందువు తర్వాత 15 సున్నాలు దాటాక వచ్చే చిన్న సంఖ్య అని చెప్పే గుర్తు. తానే తప్పు చేశానని అతను కంగారుపడక ముందే నువ్వు చెప్పాలి: ‘పై’లోని అంకెలకు అంతం లేదు, కంప్యూటర్ ఇక్కడ దాన్ని 53 బిట్ల (0, 1 అంకెల) కచ్చితత్వంతోనే దాచుకుంటుంది, మిగిలిపోయిన ఆ కాస్తే ఇక్కడ బయటపడింది.

ఇలాంటి విలువకు తెలుగులో మాట కోసం వెతుక్కోనక్కర్లేదు. వ్యాసం 20000 అయితే చుట్టుకొలత 62832 అని చెప్పిన ఆర్యభటుడు, దాన్ని ‘ఆసన్నం’ అన్నాడు, అంటే దగ్గరి విలువ. మ్యాథ్.పై కూడా ఆసన్నమే. ఆ మాటనే వాడు, నాకెంతో ఇష్టమైన మాట.

సవరించిన పాఠంలో ఆ సైన్ ఉదాహరణ తప్పకుండా పెట్టి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి