మావాడు మళ్లీ సైకిల్ ఎక్కుతానంటున్నాడు, ఆపాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. బీకాం రెండో ఏడాది. సైక్లింగ్‌లో రాష్ట్ర స్థాయిలో రెండుసార్లు బంగారు పతకం గెలిచాడు. తొమ్మిది నెలల కిందట తెల్లవారుజామున భీమిలి బీచ్ రోడ్డులో ప్రాక్టీస్ చేస్తుంటే ఆటో గుద్దింది. కుడి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు కానీ కాలేజీకి వెళ్లడం లేదు. మళ్లీ పోటీలకు దిగుతానంటున్నాడు. సైకిల్ మేడ మీద గదిలో పెట్టి తాళం వేశాం. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో చేర్పిస్తే ఆటకు దగ్గరగానే ఉంటాడని మా బావమరిది చెప్పాడు. ఫీజు 6 లక్షలు. రెండింటిలో ఏది మేలు? ఆ రోజు అలారం మోగినా వాడు లేవకపోతే లేపి పంపింది నేనే.
- ఒక తండ్రి, మధురవాడ

జవాబు: మీ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. ఆ రోజు పిల్లాణ్ణి లేపడం తప్పు కాదు. ఆ రెండు పతకాలకు ముందు కూడా ఎన్నో తెల్లవారుజాముల్లో మీరే లేపి ఉంటారు. వాటన్నిటినీ వదిలేసి ఈ ఒక్క పొద్దునే పట్టుకుని తొమ్మిది నెలలుగా మిమ్మల్ని మీరు కోసుకుంటున్నారు.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ఆట మారుతుంది, విరిగిన ఎముక మారుతుంది. అడిగేది మాత్రం ఏ కోర్సు మంచిదనే. లోపలి మాట వేరు. ‘వాణ్ణి మళ్లీ రోడ్డు మీదికి పంపే ధైర్యం నాకు లేదు, వద్దని మీరు చెప్పండి’ అని. ఆ మాట నేను చెప్పను. భయం మీది. దాన్ని పోగొట్టుకోవడానికి వాడి డిగ్రీని, మీ 6 లక్షలను పణంగా పెట్టకండి.

మీవాడు ఫోన్‌లో పెద్ద ఛాంపియన్ల కథలు చూస్తూనే ఉంటాడు. మీరూ చూడండి, కానీ ఒక్కటి చూసి ఆగకండి. సైక్లింగ్‌లో అతి పెద్ద పోటీ టూర్ డి ఫ్రాన్స్‌ను నాలుగుసార్లు గెలిచిన క్రిస్ ఫ్రూమ్ 2019 జూన్‌లో ఫ్రాన్స్‌లో పోటీకి ముందు దారి చూసుకుంటూ తొక్కుతుండగా గోడకు గుద్దుకున్నాడు. తొడ ఎముక, మోచెయ్యి, పక్కటెముకలు విరిగాయి. అప్పటికి అతనికి 34 ఏళ్లు. ఎనిమిది నెలలకే మళ్లీ పోటీలో దిగాడు. కుడి కాలిని ఎడమ కాలితో సమం చేసుకోవడానికి నెలల తరబడి జిమ్‌లో కష్టపడ్డాడు. 2022 టూర్‌లో ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద ఒక రోజు మూడో స్థానంలో వచ్చాడు. ఆ ప్రమాదం తర్వాత ఒక్క పోటీ కూడా గెలవలేదు. కొలంబియాకు చెందిన ఎగాన్ బెర్నాల్‌దీ తొడ ఎముకే. 2022 జనవరిలో ప్రాక్టీస్ చేస్తూ ఆగి ఉన్న బస్సును గుద్దుకున్నాడు. వెన్నుపూసలు, మోకాలి చిప్ప కూడా విరిగాయి, ఊపిరితిత్తులకు గాయమైంది. అప్పటికి 25 ఏళ్లు. అదే ఏడాది ఆగస్టులో పోటీకి వచ్చాడు. కానీ మళ్లీ గెలుపు చూసింది 2025లో. మధ్యలో మూడేళ్లు!

ఇద్దరికీ మంచి డాక్టర్లు ఉన్నారు, డబ్బుంది, పట్టుదల ఉంది. అయినా ఒకరికి గెలుపు తిరిగి వచ్చింది, ఇంకొకరికి రాలేదు. కాబట్టి ‘మనసుంటే మార్గం ఉంటుంది’ అని వాడికి చెప్పకండి. ‘ఇక నీ పని అయిపోయింది’ అని అంతకన్నా చెప్పకండి. ఆ సంగతి కాలు చెప్పాలి.

కాలు ఎలా చెబుతుందంటే, ఫిజియోథెరపిస్ట్ మోకాలి చిప్ప నుంచి పైకి కొంత దూరం గుర్తు పెట్టి, అక్కడ రెండు తొడలనూ టేపుతో కొలుస్తారు. ఆపరేషన్ అయిన కాలు సన్నగా కనిపిస్తుంది. ఒంటి కాలి మీద కూర్చుని లేవమంటారు. మంచి కాలు పదిసార్లు చేస్తే రెండోది ఎన్నిసార్లు చేస్తోందో రాసుకుంటారు. నెలకోసారి ఈ లెక్కలు ఒక నోట్‌బుక్‌లో మీవాడి చేతే రాయించండి. ఎముక పూర్తిగా అతికిందని ఎక్స్‌రే చూసి సర్జన్ చెప్పాకే రోడ్డు సంగతి. రాడ్డు ఉన్న కాలితో మళ్లీ పడితే ఏమవుతుందో, రాడ్డు ఎప్పుడైనా తీయాలో వద్దో కూడా ఆయన్నే సూటిగా అడగండి. అప్పటిదాకా డాక్టరు సరేనంటే సైకిల్‌ను ఇంట్లోనే ట్రైనర్ స్టాండ్‌కు బిగించి తొక్కవచ్చు. ఆటో భయం ఉండదు, మీకూ నిద్ర పడుతుంది. ఈ సీజన్ పోటీలను మాత్రం ఇద్దరూ మర్చిపోండి.

ఇక ఆ 6 లక్షల కోర్సు. దాని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఆట అంటే ప్రాణం పెట్టే పిల్లలకు ‘ఆటకు దగ్గరగా ఉంటావు’ అని చెప్పి సీట్లు నింపుతున్నారు. చదివాక మొదట దొరికే పని చాలాసార్లు స్పాన్సర్ల చుట్టూ తిరగడం, టికెట్లు, ఈవెంట్ ఏర్పాట్లు. ఆ అవకాశాలు కూడా ఎక్కువగా ముంబై, బెంగళూరు, ఢిల్లీల్లోనే. మన విశాఖలో పెద్ద క్రికెట్ మ్యాచ్ జరిగేది ఏడాదిలో కొన్ని రోజులే. మిగతా రోజుల్లో జీతం ఎవరిస్తారు? కాలేజీ వాళ్లను బ్రోచర్ అడగకండి. రెండేళ్ల కిందట చదివిన అయిదుగురు విద్యార్థులతో మాట్లాడించమనండి. వాళ్లిప్పుడు ఎక్కడ ఉన్నారో, మొదటి జీతం ఎంతో తెలుసుకోండి. మాట్లాడించకపోతే అడ్మిషన్ ఫారం నింపకుండా వచ్చేయండి. నిజంగా ఆ రంగమే ఇష్టమైతే డిగ్రీ అయ్యాక ఎంబీఏ చేసి కూడా వెళ్లవచ్చు.

బీకాం మాత్రం ఆపకూడదు. ఇక్కడ మీమీద నాకు కోపం వస్తోంది. తొమ్మిది నెలలుగా సైకిల్ గురించి ఇంట్లో యుద్ధం చేస్తున్నారు, కాలేజీ మానేసిన సంగతి ఒక్క ముక్కలో దాటేశారు. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్)లో కోచింగ్ డిప్లొమాకు సాధారణంగా డిగ్రీ అడుగుతారు. ఇక్కడే ఆంధ్రా యూనివర్సిటీలో బీపీఎడ్ (వ్యాయామ విద్య కోర్సు) చేయాలన్నా డిగ్రీ కావాలి. రేపు పోటీలకు వెళ్లినా, వెళ్లకపోయినా ఆ కాగితం అక్కరకొస్తుంది. రైల్వే స్పోర్ట్స్ కోటా మీద ఆశ ఉంటే నోటిఫికేషన్ పూర్తిగా చదవండి. ఏ స్థాయి పతకం కావాలో, ఎప్పటి నుంచి గెలిచినవి లెక్కలోకి వస్తాయో అందులో ఉంటుంది. ట్రయల్స్‌లో తొక్కి చూపించాలి కూడా. పాత సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నాయి కదా అని ధీమాగా ఉండకండి.

దెబ్బ తగిలిన పిల్లలు నా దగ్గరకు వచ్చినప్పుడు కెరీర్ గురించి వెంటనే అడగరు. ఫోన్ తీసి మెడలో పతకంతో ఉన్న ఫొటో చూపిస్తారు. వేలితో పెద్దది చేసి, పక్కన నిలబడ్డవాళ్లలో ఎవరెవరు ఇప్పుడు నేషనల్స్‌కు వెళ్తున్నారో చెబుతారు. మీవాడు ‘మళ్లీ పోటీలకు వెళ్తా’ అంటే గెలుస్తాననే కాకపోవచ్చు. ఆ ఫొటోలో ఉన్నవాడు ఇంకా తానేనని మీరు ఒప్పుకోవాలని కావచ్చు. అడిగి చూడండి. పందొమ్మిదేళ్లవాడు, చెబుతాడు.

ముందు ఆ గది తాళం తీయండి. సముద్రపు గాలికి తొమ్మిది నెలల్లో చైన్ తుప్పు పట్టి ఉంటుంది. మీరిద్దరూ కూర్చుని పాత గుడ్డతో తుడిచి నూనె వేయండి. బ్రేక్ వైర్లు ఎలా ఉన్నాయో వాణ్ణే చూడమనండి. మీకంటే వాడికే బాగా తెలుసు.