పేరు మీది, రికార్డు ఎవరిది?

తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకుల నుంచి ఈసారి వెబ్‌సైటు చిరునామాలుగా (డొమైన్లుగా) వాడే .ఇన్ పేర్ల గురించే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. ఒకే రకం సందేహాలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: తిరుపతిలో మాకు చిన్న లాడ్జి ఉంది. ఆరేళ్ల కిందట ఒక కుర్రాడు వెబ్‌సైటు చేసిచ్చాడు. డొమైన్ కూడా అతనే తీసుకున్నాడు. ఏటా అడిగినంత పంపిస్తున్నాం. ఇప్పుడు అతను బెంగళూరు వెళ్లిపోయాడు, ఫోనెత్తడం లేదు. ఇంకో ఐదు వారాల్లో గడువు అయిపోతుంది. డబ్బు కట్టింది మేమే కదా, పేరు మాదే అవుతుందా?
— ఒక లాడ్జి యజమాని, తిరుపతి

జవాబు: కాదండీ. .ఇన్ పేర్ల చిట్టా నడిపేది నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజ్ ఆఫ్ ఇండియా, అందరూ నిక్సీ అంటారు. ఆ చిట్టాలో రిజిస్ట్రంట్ (పేరు తీసుకున్నవారు) అనే గడిలో ఎవరుంటే పేరు వాళ్లది. మీరు పంపిన డబ్బుకు రసీదు సాక్ష్యంగా పనికొస్తుందే గానీ, దాంతోనే హక్కు రాదు.

ముందుగా నిక్సీ నడిపే రిజిస్ట్రీ వెబ్‌సైటులో హూఈజ్ అనే వెతుకుడు పేజీ తెరిచి మీ డొమైన్ కొట్టండి. నాలుగు వివరాలు రాసుకోండి: రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే సంస్థ) ఎవరు, గడువు తేదీ ఎప్పుడు, రిజిస్ట్రంట్ ఆర్గనైజేషన్ దగ్గర ఏముంది, స్టేటస్ ఏమిటి. వ్యక్తుల పేర్లు, ఈమెయిళ్లు అక్కడ కనబడకపోవచ్చు. సంస్థ పేరు, రాష్ట్రం మాత్రం సాధారణంగా ఉంటాయి. స్టేటస్‌లో ‘క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్’ అని ఉంటే బెదరకండి. అది తాళం మాత్రమే, ఎవరి డొమైన్‌కైనా మామూలుగా వేసి ఉంచుతారు.

ఆర్గనైజేషన్ గడిలో మీ లాడ్జి పేరే ఉంటే సగం గెలిచినట్టే. జీఎస్టీ సర్టిఫికెట్, పాన్, ట్రేడ్ లైసెన్సు, డబ్బు పంపిన బ్యాంకు వివరాలు జతచేసి రిజిస్ట్రార్ సపోర్టుకు రాయండి. ఖాతాకున్న ఈమెయిల్ మార్చమని అడగండి. ఆ గడిలో కుర్రాడి పేరో అతని డిజైనింగ్ షాపు పేరో ఉంటే మాత్రం అతను కదలనిదే పని కాదు. ఇంటికో, ఊళ్లో ఉన్న బంధువులకో మనిషిని పంపండి. అతను దొరికాక మూడు పనులు, ఈ వరుసలోనే చేయించుకోండి. మొదట ఒక ఏడాదికి రెన్యూ చేయించండి. తరువాత రిజిస్ట్రంట్ వివరాలు మీ పేరుకు మార్పించండి. ఆ తరువాతే తాళం తీయించి, ఆథ్ కోడ్ (రిజిస్ట్రార్ మారడానికి కావలసిన రహస్య సంకేతం) తీసుకుని మీ సొంత ఖాతాకు ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. ఇద్దరిదీ ఒకే రిజిస్ట్రార్ అయితే కోడ్ కూడా అక్కర్లేదు, ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు నెట్టేయవచ్చు.

చాలామంది పొరబడేది ఇక్కడే. ట్రాన్స్‌ఫర్ అంటే రిజిస్ట్రార్ మారడం, యజమాని మారడం కాదు. కోడ్ చేతికొచ్చింది కదా అని రెండో పని వదిలేస్తే కొత్త రిజిస్ట్రార్ దగ్గరా యజమానిగా పాత పేరే కొనసాగుతుంది.

గడువు దాటితే ఏమవుతుందంటే, వెబ్‌సైటుతో పాటు ఆ పేరు మీదున్న ఈమెయిల్ కూడా ఆగిపోతుంది. రిజిస్ట్రార్ కొన్నాళ్లు మామూలు ధరకే రెన్యూ చేయనిస్తాడు. ఎన్నాళ్లన్నది ఒక్కొక్కరి దగ్గర ఒక్కో తీరు. అదీ అయ్యాక 30 రోజుల రిడెంప్షన్ ఉంటుంది. అందులో తిరిగి తీసుకోవచ్చు గానీ అదనపు రుసుము బాగానే తగులుతుంది. తరువాత 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆరో రోజు నుంచి ఎవరికి ముందు దొరికితే వాళ్లది. పాత పేర్ల కోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు.

ఇంకో మాట. ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్ మీదిది కాకూడదు. గడువు అయిపోయిన రోజున ఆ మెయిల్ కూడా చస్తుంది, రెన్యువల్ హెచ్చరిక గానీ పాస్‌వర్డ్ మార్చే లింకు గానీ రాదు. ఇంట్లో తాళం పెట్టి తలుపేసుకున్నట్టే.

ప్రశ్న: చిత్తూరులో మాకు మామిడి గుజ్జు యూనిట్ ఉంది. ఎగుమతిదారులకు చూపించడానికి .ఇన్ తీసుకోవాలా, .కో.ఇన్ తీసుకోవాలా? కంపెనీ రిజిస్ట్రేషన్ కాగితాలు పెట్టాలా?

జవాబు: రెండింటికీ అర్హత షరతు లేదు. .ఇన్, .కో.ఇన్, .నెట్.ఇన్, .ఆర్గ్.ఇన్, .ఫర్మ్.ఇన్, .జెన్.ఇన్, .ఇండ్.ఇన్ అన్నీ 2005 నుంచి ఎవరికైనా ఇస్తున్నారు, విదేశీయులకు సైతం. ముందొచ్చినవాళ్లదే పేరు. 1 నుంచి 10 ఏళ్ల దాకా ఒకేసారి కట్టవచ్చు. చిన్న పేరు కాబట్టి .ఇన్ తీసుకోండి. దొరికితే .కో.ఇన్ కూడా కట్టేసి మొదటిదానికే మళ్లించండి, లేకుంటే పోటీదారు తీసుకుంటాడు. పేరులో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, మధ్యలో గీత ఉండొచ్చు. గీతతో మొదలవకూడదు, ముగియకూడదు. ఫోన్లో చెప్పాల్సిన పేరైతే అసలు గీతే వద్దు.

కాగితాలు మొదట అడగకపోయినా గుర్తింపు ధ్రువీకరణ, అంటే కేవైసీ, తప్పదు. మనవాళ్లకు చిక్కు ఇంటిపేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, పాన్‌లో చివరికి పోతుంది, ఫారంలో మనం పొట్టి అక్షరంతో సరిపెడతాం. మూడూ మూడు రకాలుగా ఉంటే ధ్రువీకరణ తిరిగొస్తుంది, పేరు హోల్డ్‌లో పడితే సైటు కనబడదు. ఏ కార్డు చూపించబోతున్నారో దాన్ని ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా నింపండి. వివరాలు దాచే ప్రైవసీ సేవలు .ఇన్‌కు చెల్లవు కాబట్టి, ఇంటి నంబరు బదులు యూనిట్ చిరునామా ఇవ్వడం మేలు.

ప్రశ్న: కుప్పంలో మా పాఠశాలకు .ఈడీయూ.ఇన్ కావాలి. మామూలు రిజిస్ట్రార్ దగ్గర కనబడటం లేదు.

జవాబు: కనబడదు. .ఏసీ.ఇన్, .ఈడీయూ.ఇన్, .రెస్.ఇన్ మూడూ విద్యా, పరిశోధన సంస్థల కోసం ఉన్న ఎర్నెట్ ఇండియా ఒక్కటే ఇస్తుంది. గుర్తింపు పత్రం, సంస్థ అధిపతి సంతకంతో లేఖ ఉండాలి. పత్రంలో ఉన్న పాఠశాల పేరుకూ మీరడిగే డొమైన్‌కూ పొంతన లేకుంటే వెనక్కి పంపుతారు. ఇలాగే .గవ్.ఇన్ ప్రభుత్వ సంస్థలకే, ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) ద్వారా. .బ్యాంక్.ఇన్‌కు హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ రిజిస్ట్రార్. రిజర్వు బ్యాంకు 2025 అక్టోబర్ 31ని గడువుగా పెట్టి బ్యాంకులను అక్కడికి మారమంది.

ప్రశ్న: రేణిగుంటలో స్వీట్ షాపు మాది. పేరులో ‘తిరుపతి లడ్డు’ వచ్చేలా డొమైన్ ఖాళీగా దొరికింది. తీసుకోవచ్చా?

జవాబు: రిజిస్ట్రార్ డబ్బు తీసుకుని ఇచ్చేస్తాడు, ఆ సమయంలో ఎవరూ హక్కులు చూడరు. కానీ తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ గుర్తింపు టీటీడీది. రేపు వాళ్లు .ఇన్ వివాద పరిష్కార విధానం కింద ఫిర్యాదు చేస్తే మధ్యవర్తి మూడు సంగతులు చూస్తాడు: పేరు వాళ్లదానిని పోలి ఉందా, మీకు న్యాయమైన హక్కేమైనా ఉందా, దురుద్దేశంతో తీసుకున్నారా. మీ దగ్గర రెండోదానికి జవాబు లేదు. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కు లాంటి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. మీ షాపు పేరుతోనే తీసుకోండి.

పై లాడ్జి యజమానికీ ఇదే వర్తిస్తుంది, కాకపోతే తిరగేసి. శ్రీనివాస, బాలాజీ, పద్మావతి పేర్లతో తిరుపతిలో ఎన్ని లాడ్జీలున్నాయో చూస్తూనే ఉన్నాం. అలాంటి పేరు పోగొట్టుకుంటే అది మాదేనని రుజువు చేయడం కష్టం.

ప్రశ్న: శ్రీకాళహస్తి కలంకారీ అమ్ముతాం. తెలుగులోనే .భారత్ పేరు తీసుకుంటే పనిచేస్తుందా?

జవాబు: వెబ్‌సైటుకు పనిచేస్తుంది. లోపల మాత్రం తెలుగు పేరు ‘ఎక్స్ఎన్’ అని మొదలై రెండు గీతలున్న ఇంగ్లిషు అక్షరాల తోకగా మారుతుంది. కొన్ని ఫారాల్లో, పాత మెయిల్ సర్వర్లలో అదే కనబడుతుంది, లేదా అసలు ఒప్పుకోదు. అందుకే ఈమెయిల్‌కు ఇంగ్లిషు .ఇన్ పేరు ఉంచుకుని, తెలుగు పేరును దానికి మళ్లించండి. పొల్లు తరువాత అక్షరం ఒత్తుగా మారకుండా ఫోన్ కీబోర్డు ఒక కనబడని గుర్తు చొప్పిస్తుంది. ఆ గుర్తు ఉన్నదీ, లేనిదీ కంప్యూటర్‌కు రెండు వేర్వేరు పేర్లు. అది అవసరం లేని పేరు ఎంచుకోండి. ‘కలంకారీ’, ‘కలంకారి’ రెండూ తీసుకోవాల్సి వస్తుంది, జనం ఎలా రాస్తారో చెప్పలేం.

ప్రశ్న: గదుల బుకింగ్ పేరుతో వచ్చే సైట్లలో అసలుదేదో ఎలా పోల్చాలి? — చంద్రగిరి

జవాబు: చివరి నుంచి వెనక్కి చదవండి. టీటీడీ అధికారిక చిరునామా ‘టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్’. మొదట్లో ‘హెచ్‌టీటీపీఎస్’ వెంట ఉండే రెండు ఏటవాలు గీతలు వదిలేసి, ఆ తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందు, కుడి చివర ‘.ఏపీ.గవ్.ఇన్’ ఉండాలి. ‘ఏపీ-గవ్’ అని గీతతో ఉండి చివర .ఇన్ ఒక్కటే ఉన్నా, ‘ఏపీ.గవ్.ఇన్’ తరువాత చుక్క పెట్టి ఇంకో పేరు, .కామ్ ఉన్నా అది ఎవరైనా కొనుక్కోగలిగిన పేరే. తాళం గుర్తు చూసి నమ్మకండి, ఆ సర్టిఫికెట్ దొంగ సైటుకూ ఉచితంగా దొరుకుతుంది.